ఆరు వేల అడుగుల దగ్గర

శంషాబాద్ విమానాశ్రయంలో దిగబోయే విమానాలను వరసలో పెట్టడం సంతోషి పని. కంట్రోల్ టవర్ పైన అద్దాల గదిలో కూర్చునేవాళ్లు రన్‌వేను కళ్లారా చూస్తారు. సంతోషి కూర్చునే గదికి కిటికీలు లేవు. మసక వెలుతురు, రాడార్ తెర, చెవులకు హెడ్‌సెట్. తెర మీద ఒక్కో విమానం ఒక్కో చుక్క. చుక్క పక్కన దాని నంబరు, అది ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకెలు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే ఆ చుక్కల్ని, మధ్యలో ఉండాల్సిన ఎడం ఉంచి, ఒకదాని వెనక ఒకటిగా కిందికి దించి, రన్‌వేకు ఎదురుగా తెచ్చి టవర్‌లో ఉన్నవాళ్లకు అప్పగించాలి.

ఆమె పుట్టింది పక్కనే కొత్వాల్‌గూడలో. తండ్రి కుర్మయ్య ఆకుకూరలు పండించి మెహదీపట్నం రైతుబజారుకు వేసేవాడు. సంతోషి ఇంజనీరింగ్ చదివి, పరీక్ష రాసి, అలహాబాదులో ట్రైనింగ్ అయి, ఉద్యోగం మీద మళ్లీ తను పుట్టిన ఊరి పక్కకే వచ్చింది. పెళ్లయ్యాక బడంగ్‌పేటలో కాపురం. భర్త యాదగిరికి అక్కడే టైల్స్ దుకాణం. అత్త రేణుకమ్మ వాళ్లతోనే ఉంటుంది.

అది 2013 వానాకాలం. ఆ రోజు పొద్దు వాలుతుండగా హిమాయత్‌సాగర్ మీదుగా మబ్బులు కమ్ముకొచ్చాయి. పైలట్లు ఒకరి తర్వాత ఒకరు మబ్బుల్ని తప్పించుకుంటామని పక్కకు జరుగుతున్నారు. సంతోషి వేసిన వరస వేసినట్టే చెదిరిపోతోంది. మళ్లీ వేస్తోంది.

ఆ వరసలో ఒకే ప్రైవేటు ఎయిర్‌లైన్ విమానాలు రెండున్నాయి. ఒకటి పుణె నుంచి వస్తున్న 317. ఇంకొకటి గోవా నుంచి వస్తున్న 371. ఎండాకాలం టైమ్‌టేబుల్ మొదలైనప్పటి నుంచి ఈ రెండూ రోజూ ఇంచుమించు ఒకే వేళకు వస్తున్నాయి. గదిలో అందరికీ అదొక చిరాకు. ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలకడం ఇదివరకూ జరిగింది. "మీకు కాదు, వేరేవాళ్లకు" అని సరిదిద్దేవాళ్లు, అంతటితో అయిపోయేది.

317 ఆరు వేల అడుగుల ఎత్తులో ముందు పోతోంది. 371 ఏడు వేలలో వెనక నుంచి వస్తూ దాదాపు దాని నెత్తి మీదికి చేరింది. పైకీ కిందికీ వెయ్యి అడుగుల తేడా ఉంటే అలా రావచ్చు, తప్పు లేదు. సంతోషి మైకు నొక్కి 317ను నాలుగు వేలకు దిగమంది.

జవాబు గరగరలో కలిసి వచ్చింది. మొదటి సగం వినిపించలేదు. "...నాలుగు వేలకు దిగుతున్నాం" అన్నది మాత్రం తెలిసింది. నంబరు మళ్లీ చెప్పమని అడగాల్సింది. అంతలో ఇంకో పైలట్, ఎదురుగా పిడుగుల మబ్బు ఉంది, ఎటు పోవాలి అని కంగారుగా అడిగాడు. సంతోషి అతనికి దారి చెప్పింది. చెప్పి, తిరిగి ఈ రెండు చుక్కల వైపు చూసింది.

317 పక్కన ఎత్తు మారలేదు. ఆరు వేలే. దాని మీదున్న 371 ఆరు వేల ఎనిమిది వందలు చూపిస్తోంది. చూస్తుండగానే ఆరు వేల ఆరు వందలైంది.

తను పిలిచింది 317ను. దిగుతున్నది 371.

ఒక్క క్షణం ఆమె గొంతు పెగల్లేదు. తర్వాత వచ్చిన గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఒక్కో అంకెనూ ఒత్తి పలికింది. "మూడు ఏడు ఒకటి, దిగడం ఆపండి. వెంటనే కుడికి తిరగండి. మీ కింద విమానం ఉంది." ఆ వెంటనే, "మూడు ఒకటి ఏడు, వెంటనే ఎడమకు తిరగండి. మీ పైన విమానం ఉంది."

అంత బరువున్న విమానం ఆగమనగానే ఆగదు. తెర మీద రెండు చుక్కలూ ప్రమాదమని హెచ్చరిస్తూ ఎర్రగా మినుకుమనసాగాయి. 371 ఆరు వేల నాలుగు వందల దాకా జారింది. అక్కడ నిలిచింది. ఐదు వందలు, ఏడు వందలు అని మళ్లీ ఎక్కసాగింది. చుక్కలు ఒకదాని నుంచి ఒకటి విడిపడి పక్కలకు జరిగాయి. ఎరుపు పోయింది.

"మబ్బు సందులోంచి దాని పొట్ట కనపడింది," అన్నాడు 317 పైలట్.

"సారీ, మమ్మల్నే పిలిచారనుకున్నాం," అన్నాడు 371 కెప్టెన్, తొణక్కుండా. "ఇప్పుడంతా బాగుంది."

రెండు విమానాలూ ఒకదాని తర్వాత ఒకటి దిగాయి. లోపలున్నవాళ్లు బ్యాగులు తీసుకుని, బస్సులూ కార్లూ ఎక్కి ఇళ్లకు పోయారు. తమ మీదుగా ఏం పోయిందో వాళ్లెవరికీ తెలియదు.

సంతోషి కుర్చీని పక్కనున్న కంట్రోలర్ రేఖకు ఇచ్చి బయటికొచ్చింది.

షిఫ్టు పెద్ద హరిప్రసాద్ ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచి ఫోన్ చేతికిచ్చాడు. ఆయన బేగంపేటలో పాత విమానాశ్రయం నడిచిన కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాడు. నిదానస్తుడు.

ఫోన్‌లో 371 కెప్టెన్. పేరు దశరథం అని చెప్పుకున్నాడు. "అమ్మా, మీరు సమయానికి చెప్పారు. ఏమీ కాలేదు కదా. మా వైపు నుంచి దీన్ని పెద్దది చేసే ఉద్దేశం లేదు. మీరూ వదిలేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"చూస్త సార్," అని ఫోన్ పెట్టేసింది.

హరిప్రసాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గా టైముకు నేను వాతావరణం ఆఫీసోళ్లతోని మాట్లాడుతున్న. తెర చూడలే. ఏం జరిగిందో నువ్వు చెప్పాలె, నేను రాయాలె."

"రాస్తే ఏమైతది సార్?"

"నీకు తెల్వంది ఏమున్నది. ఇయ్యాల్టి నుంచే కుర్చీల కూసోనియ్యరు. ఎంక్వైరీ పెడతరు. నంబరు ఇనకుండ ఎట్ల ఒప్పుకున్నవని అడుగుతరు. మల్ల ట్రైనింగు, మల్ల పరీక్ష. పేపరోళ్లకు తెలిస్తే పేపర్ల గూడ వస్తది." కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నేను నిన్ను రాయమంటలేను, వద్దంటలేను. ఆలోచించుకో."

లోపలి గదిలో రేఖ ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది.

"నేను చెప్పకపోతే రేపు గిదే వేళకు గవే రెండు నంబర్లు మల్ల వస్తయి గద సార్."

"వస్తయి."

"అయితే రాయుండ్రి."

జరిగింది జరిగినట్టు చెప్పింది. నంబరు వినిపించకపోయినా తను రెట్టించి అడగలేదన్నది కూడా చెప్పింది. ఆయన ఆ వాక్యం దగ్గర ఒకసారి ఆమె మొహంలోకి చూసి, రాశాడు.

*

స్కూటీ మీద తుక్కుగూడ దాటి బడంగ్‌పేట చేరేసరికి వాన వెలిసింది. రేణుకమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలిని చూడగానే చేట పక్కన పెట్టింది.

"ఏంది బిడ్డా, మొహం గట్లున్నది? పానం బాగలేదా?"

సంతోషి అరుగు మీద కూర్చుని చెప్పింది. రాడార్, నంబర్ల సంగతి వదిలేసి, ఒకళ్లను పిలిస్తే ఇంకొకళ్లు పలికారని, రెండు విమానాలు మీద మీదికి వచ్చాయని, విడదీశానని, ఎవరూ చూడకపోయినా, పైలట్ వదిలేయమన్నా ఆ సంగతి పైవాళ్లకు చెప్పానని చెప్పింది. అప్పటికి యాదగిరి కూడా దుకాణం నుంచి వచ్చి వింటున్నాడు.

"నౌకరి పోతదా?" అన్నాడు.

"పోదు. కొన్ని రోజులు విమానాలతోని మాట్లాడనియ్యరు. ఆఫీసుల కూసోవాలె."

"ఎవలు చూడలేదన్నవ్. గా పైలట్ గూడ వద్దన్నడు. ఎందుకు చెప్పినవ్ మరి?"

అతని గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. రేణుకమ్మే అందుకుంది. "చెప్పకుంటే రేపు పోయి గదే కుర్చీల కూసోవాలె గదరా. ఎట్ల కూసుంటది?" చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "లే బిడ్డా, ముందుగాల ఇంత తిను."

సంతోషి అన్నం తిని పడుకుంది. కళ్లు మూసుకుంటే ఆ అంకెలే కనపడుతున్నాయి, కిందికి పోతూ.

వారం తిరక్కుండానే పేపర్లో పడింది. 'శంషాబాద్‌లో తప్పిన పెనుముప్పు' అని పెద్ద అక్షరాలు. కింద, కంట్రోలర్ నిర్లక్ష్యమే కారణమని తెలిసింది అని రాశారు. పేరు వేయలేదు. కానీ కాలనీలో విమానాశ్రయంలో ఆ పని చేసేది సంతోషి ఒక్కతే. ఎదురింటి చంద్రమ్మ గేటు దగ్గర నిలబడి రేణుకమ్మను అడిగింది. "వదినే, మీ కోడలు ఇమానాలు గుద్దిచ్చేదుండెనంట గద?"

లోపల ఉన్న సంతోషికి ఆ మాట వినిపించింది.

"గుద్దిచ్చుడు కాదు, ఆపింది," అంది రేణుకమ్మ. "ఆపి, గిట్లయిందని తనే పోయి చెప్పింది. చెప్పకుంటే నీ పేపర్ల ఎక్కడికెల్లి వస్తుండె? దా, కూసో. చాయ్ తాగుదువు."

చంద్రమ్మ వచ్చి కూర్చుంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

*

ఎంక్వైరీకి ముగ్గురు వచ్చారు. ఇద్దరు ఢిల్లీ నుంచి, ఒకరు చెన్నై నుంచి. బల్లకు ఒక పక్క సంతోషి, ఇంకో పక్క కెప్టెన్ దశరథం. కణతల దగ్గర నెరిసిన జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా. ఆ రోజు రేడియోలో జవాబిచ్చేటప్పుడు తను నంబరు పూర్తిగా చెప్పాననే అన్నాడాయన. అది అబద్ధమని సంతోషికి అనిపించలేదు. చెప్పే ఉంటాడు. అది గరగరలో పోయి ఉంటుంది. అప్పుడు ఆ రోజు రేడియో మాటలు రికార్డయిన టేపు పెట్టారు.

టేపులో తన గొంతు, ఆ గరగర, ఆ సగం మాట. తర్వాత తన గొంతు ఆగిపోయిన ఆ ఖాళీ. అక్కడ గదిలో అంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అది చాలా పొడుగ్గా అనిపించింది. చెన్నై నుంచి వచ్చినాయన టేపు వెనక్కి తిప్పి, ఆ సగం మాట దగ్గర ఆపి అడిగాడు. "ఇక్కడ నంబరు వినపడలేదు. మీరు మళ్లీ అడగలేదు. ఎందుకు?"

"నేను పిలిచినవాళ్లే పలికారనుకున్నాను. అనుకోకూడదు. అడగాల్సింది."

ఆయన తలూపి రాసుకున్నాడు. కెప్టెన్ దశరథం ఆమె వైపు మొదటిసారి తిరిగి చూశాడు. తర్వాత తన వంతు వచ్చినప్పుడు, ఆ సమయానికి తాము కిందికి దిగడానికి తొందరలో ఉన్నామని, దిగమన్న మాట కోసమే చెవులు పెట్టుకుని ఉన్నామని, అందుకే ఎవరి నంబరన్నది సరిగా పట్టించుకోలేదని ఒప్పుకున్నాడు.

317కు ఆ పిలుపు సరిగా వినపడలేదని, పొరపాటు వీళ్లిద్దరిదేనని తేలింది. ఇద్దరికీ మళ్లీ ట్రైనింగ్. అంతా లేవబోతుండగా సంతోషి అడిగింది. "ఆ నంబర్ల సంగతి ఏం చేస్తారు సార్?"

ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ మర్యాదగానే చెప్పాడు. "మార్చమని సిఫారసు చేస్తాం. కానీ నంబర్లు టైమ్‌టేబుల్‌తో ముడిపడి ఉంటాయి. టికెట్లు అమ్మేసి ఉంటారు. ఒక్క సంఘటనతో అడిగితే వచ్చే సీజన్‌లో చూస్తామంటారు. పదే పదే జరిగిందని రుజువుంటే వేరు."

"జరిగింది సార్."

"ఎక్కడా రిపోర్టు లేదే అమ్మా."

*

షిఫ్టులు మారే వేళ క్యాంటీన్‌లో కంట్రోలర్లు చాలామంది ఉంటారు. మర్నాడు సంతోషి అక్కడికి వెళ్లి, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడే మాట్లాడింది. నలుగురిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. మెడ వేడెక్కింది.

"నాది నేను చెప్పుకున్న. నా ఒక్కదానితోని గా నంబర్లు మారయి. మీలో ఎవరు పిలిస్తే ఎవరు పలికిన్రో మీకు యాదికున్నది. అది రాసియ్యిన్రి. మీద మీదికి రాకపోవచ్చు. పలికింది నిజమే గద."

కొందరు గ్లాసుల్లోకి చూసుకున్నారు. బిక్షం అనే సీనియర్ నవ్వాడు. "మంచిగనే చెప్పినవ్. రాస్తే మమ్మల్ని గూడ కుర్చీలకెల్లి లేపుతరు. అందరిని లేపితే ఇమానాలు ఎవలు దించాలె?"

"అందరిని లేపలేరు గద అన్నా. గందుకే అందరు రాయాలె."

బిక్షం నవ్వు ఆగింది. కానీ ఎవరూ రాస్తామనలేదు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సంతోషి చల్లారిన చాయ్ తాగి, ఆఫీసు గదిలోకి వెళ్లి, కెప్టెన్ దశరథం నంబరు కనుక్కుని ఫోన్ చేసింది.

"సార్, మీరు కూడా మీ కంపెనీకి రాయాలి. నంబర్లు మార్చమని మేం అడిగితే వేరు, వాళ్ల కెప్టెన్ అడిగితే వేరు."

"నేను వదిలేద్దామన్నాను. మీరు వదల్లేదు. ఇప్పుడు నేను ఇంట్లో కూర్చున్నాను," అన్నాడాయన. "ఇరవై ఏళ్లుగా నా మీద ఒక్క మచ్చ లేదు. మళ్లీ నన్నే సాయం అడుగుతున్నారు."

"అవును సార్. అడుగుతున్నాను."

ఆయన ఫోన్ పెట్టేశాడు. సంతోషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం కడుక్కుని వచ్చి, సాయంత్రం దాకా అప్పగించిన పని చేసింది. మర్నాడు మళ్లీ క్యాంటీన్‌కు వెళ్లింది. ఈసారి నిలబడి మాట్లాడలేదు. ఒక్కో బల్ల దగ్గరా కూర్చుని ఒక్కొక్కరినే అడిగింది. కొందరు మొహం చాటేశారు. ఒకతను తనకేమీ గుర్తు లేదన్నాడు. ఆ మర్నాడు అతన్నే మళ్లీ అడిగింది.

మొదట రాసింది రేఖ. సంతోషితో పాటే ట్రైనింగ్ అయిన మనిషి. కొత్తవాళ్లకు నేర్పే బాధ్యత ఆమెకు ఇవ్వబోతున్నారని గదిలో అనుకుంటున్నారు. అలాంటప్పుడు రాసిచ్చింది. వానలు మొదలైన కొత్తలో తను 317ను దిగమంటే 371 దిగిందని, ఆ నంబరు తప్పని వెంటనే గుర్తించక రెండు వందల అడుగులు దిగనిచ్చానని, ఎవరికీ చెప్పలేదని. ఆ రోజే ఆమెనూ కుర్చీలోంచి లేపారు.

సంతోషి ఆమెను వెతుక్కుంటూ పార్కింగ్ దగ్గరికి పరుగెత్తింది. "రేఖా, నా మూలంగ నీకు..."

"నీ కోసం రాయలే," అంది రేఖ హెల్మెట్ పెట్టుకుంటూ. మొహం ఎర్రగా ఉంది. "నాది గూడ నీ లెక్కనే అయింది. నాకు కింద ఇమానం లేకుండె. గంతే తేడా. నువ్వు రాసినంక నాకు నిద్ర పడుతలేదు."

రేఖ రాసిందని తెలిశాక బిక్షం తిట్టుకుంటూనే రాశాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. హరిప్రసాద్ తనది కూడా ఒకటి చేర్చాడు. బిక్షం భయపడినట్టు అందరినీ లేపలేదు. లేపితే నిజంగానే విమానాలు దిగవు. వెంటనే సరిదిద్దినవాళ్లను హెచ్చరించి పనిలోనే ఉంచారు. రేఖను మాత్రం ట్రైనింగ్ అయ్యేదాకా పక్కన పెట్టారు.

ఆ కాగితాలన్నీ ఒక్కటిగా పైకి వెళ్లాయి. అదే సమయానికి ఎయిర్‌లైన్‌కు లోపలి నుంచి కూడా ఒక ఉత్తరం అందిందని తర్వాత తెలిసింది. రాసింది కెప్టెన్ దశరథం. ఆ సంగతి ఆయన సంతోషికి చెప్పలేదు. ఆమె ఫోన్ చేసి అడిగితే, "రాయాల్సింది నేను, రాశాను," అని మాత్రం అన్నాడు. సీజన్ మారేదాకా ఆగలేదు. దసరా ముందే గోవా విమానం నంబరు మార్చేశారు. కొత్త నంబరులో పాతదాని అంకె ఒక్కటి కూడా లేదు.

*

నంబరు మారింది గానీ సంతోషి ఇంకా మారాల్సి ఉంది. ట్రైనింగ్‌లో ఆమె మళ్లీ రాడార్ ముందు కూర్చుంది, వెనక హరిప్రసాద్. ఎవరైనా జవాబిస్తే రెండేసిసార్లు చెప్పించుకుంటోంది. విమానాల మధ్య ఉండాల్సిన దానికి రెట్టింపు ఎడం వదులుతోంది. వెనకున్నవి ఆకాశంలో చుట్లు తిరుగుతున్నాయి. పైలట్లు విసుక్కుంటున్నారు.

కొన్నాళ్లు ఊరుకున్నాడు హరిప్రసాద్. ఒక రోజు షిఫ్టు అయ్యాక చెప్పాడు. "సంతోషీ, నువ్వు గిట్ల వదులుకుంట పోతే ఎనకొచ్చేటోడు తిరిగి తిరిగి ఫ్యూయల్ అయిపోయి నన్ను ముందుగాల దించమంటడు. గప్పుడు ఇంకో పరేషాన్. నిన్ను నేను పాస్ చెయ్యలేను."

"భయమైతుంది సార్."

"అయితది. నాకు గూడ అయితది. అయినా ఎంత ఎడం ఉంచాలెనో అంతే ఉంచాలె."

మర్నాడు కుర్చీలో కూర్చున్నప్పుడు మొదటి విమానానికి ఎంత వదలాలో అంతే వదిలింది. అరచేతులు చెమట పట్టాయి. చీరకొంగుకు తుడుచుకుని రెండోదానికీ అంతే వదిలింది. సాయంత్రానికి నడుం పట్టేసింది కానీ ఒక్క విమానాన్ని కూడా ఊరికే తిప్పలేదు.

అక్టోబరు చివర్లో రోజుల తరబడి ముసురు పట్టింది. ఆ రోజుల్లోనే ఆమె పరీక్ష. వెనక హరిప్రసాద్‌తో పాటు పరీక్ష చేసే అధికారి కూడా ఉన్నాడు. వరసలో ఐదు విమానాలున్నాయి. ముందుది దిగింది. రెండోది రన్‌వేకు దగ్గరవుతోంది. టవర్ నుంచి ఫోన్ మోగింది. దిగిన విమానం టైరు దెబ్బతిని రన్‌వే మీదే ఆగిపోయింది. రెండోదాన్ని దిగనివ్వకుండా మళ్లీ పైకి పంపేస్తున్నారు.

అది వానలో, మబ్బులో, నేరుగా పైకి లేస్తోంది. దాని దారికి అడ్డంగా మూడోది కిందికి వస్తోంది.

సంతోషి ముందు మూడోదాన్ని పిలిచి, దిగడం ఆపి ఎడమకు తిరగమంది. అదే క్షణంలో ఇద్దరు మాట్లాడారు. చెవిలో గరగర. ఎవరో "...తిరుగుతున్నాం" అన్నారు.

ఈసారి ఆమె దాన్ని వదిలెయ్యలేదు. మూడోదాని పేరు, నంబరు మొత్తం చెప్పి, "మీ జవాబు వినపడలేదు. నంబరుతో సహా మళ్లీ చెప్పండి. మిగతావాళ్లంతా ఆగండి," అంది. గొంతు పెంచలేదు. జవాబు నంబరుతో సహా స్పష్టంగా వచ్చింది. తెర మీద ఆ చుక్క ఎడమకు మళ్లడం కళ్లతో చూశాక, పైకి లేస్తున్నదాన్ని పిలిచి, ఎక్కడ ఆగాలో చెప్పింది. తర్వాత నాలుగు, ఐదు. ఒక్కోదానికీ ఒక్కో ఎత్తు, ఒక్కో దారి. రన్‌వే ఖాళీ అయ్యేదాకా నాలుగింటినీ ఒకదాని మీద ఒకటిగా నిలిపి తిప్పింది. ఒకటి ఇంధనం తక్కువైందంటే దాన్ని ముందుకు తెచ్చింది. రన్‌వే తెరిచారనగానే అన్నిటినీ మళ్లీ వరసలో పెట్టి దించింది. మధ్యలో ఎంత ఎడం ఉండాలో అంతే ఉంది. చుక్కలు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.

హెడ్‌సెట్ తీసేసరికి చెవులు మండుతున్నాయి. పరీక్ష అధికారి ఏదో రాసుకుని సంతకం పెట్టాడు. హరిప్రసాద్ ఆమె భుజం మీద ఒకసారి తట్టి, చాయ్ తెప్పించాడు.

"రేపటి నుంచి నీ కుర్చీ నీది," అన్నాడు. "ఎల్లుండి నీకు సుట్టీ. పోయి మంచిగ పండుకో."

"ఎల్లుండి రేఖకు మొదటి రోజు గద సార్, ట్రైనింగుల?"

"అవును. దాని ఎనక బిక్షం కూసుంటడు."

"నాకు సుట్టీ వద్దు సార్. పక్క కుర్చీల నన్ను ఎయ్యుండ్రి. ఫోన్లు గిట్ల నేను చూసుకుంట. ఆమె పక్కన గూడ ఒకళ్లుండాలె."

హరిప్రసాద్ గోడ మీది డ్యూటీ చార్టు దగ్గరికి వెళ్లి, ఒక పేరు కొట్టేసి సంతోషి పేరు రాశాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున కూడా వాన తగ్గలేదు. రేఖ ముందే వచ్చి రాడార్ ముందు కూర్చుని ఉంది. వీపు కర్రలా బిగుసుకుని ఉంది. సంతోషి పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోన్ తన వైపు జరుపుకుంది.

"ఫస్ట్ కొంచెం ఎక్కువ ఎడం వదలాలెననిపిస్తది," అంది మెల్లగా. "వదలకు."

రేఖ తెర మీంచి చూపు తిప్పకుండానే తలూపింది. బెంగళూరు నుంచి వస్తున్న విమానం గుడ్ మార్నింగ్ చెప్పింది. రేఖ మైకు నొక్కింది.